ముప్పై ఏడో నంబరు కంచరగాడిద తాలూకు మనిషి

లారీల అడ్డా పక్కనున్న పార్సిల్ ఆఫీసులో నలభై రెండేళ్ళు మూటలు కట్టి విశ్రాంతి పుచ్చుకున్న ముసలాయన అసలు పేరేమిటని అడిగితే, ఆ వీధిలో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ ఆయన పీటముడి. పిల్లలకి పీటముడి తాత. ఆయన కట్టిన మూట దారిలో ఊడిపోయిందన్న ఫిర్యాదు ఆ నలభై రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. చేరవలసిన చోటికి చేరాక ఎంతకీ ఊడటం లేదన్న ఫిర్యాదులు మాత్రం ఆఫీసులో ఒక అట్టపెట్టె నిండా ఉండేవి. ఆయన దిగిపోయే రోజున మేనేజరు ఆ ఫిర్యాదులన్నిటినీ ఒక కట్ట కట్టమని ఆయనకే ఇచ్చాడు. ఆ కట్టని ఇంతవరకూ ఎవరూ విప్పలేకపోయారు.

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. కానీ ఆ రాజుగారింట్లో రాణిగారు ఆయన కంటే మొండిది. పెరట్లో బట్టలారేసే తాడుకి ఒక కొస ఆయన కడితే రెండో కొస ఆవిడ కట్టేది. ఒకరు కట్టింది ఒకరికి నచ్చేది కాదు.

"పది వేళ్ళున్న మనిషివి, ఎనిమిది వేళ్ళ ముడి వేస్తావేమే?" అనేవాడు ఆయన.

"మా నాన్న వేసిన ముడి. నీకు చేతనైతే విప్పు, చూద్దాం," అనేది ఆవిడ.

అందులో వెటకారం తప్ప అబద్ధం లేదు. ఆవిడ నాన్న కాలువ రేవులో సామాను ఎత్తే మనిషి. పడవకీ గట్టుకీ మధ్య చెయ్యి నలిగి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. మిగిలిన ఎనిమిదింటితో తాడు జారకుండా ఉండాలని ఆయన ఒక మెలిక ఎక్కువ తిప్పి, కొసను మడిచి ముడి కిందకి దోపేవాడు. దోపిన ఆ కొసని వెతికి పట్టుకుని లాగితే ముడి ఒక్క లాగుకి విడిపోతుంది. ఇంకెక్కడ లాగినా బిగుసుకుంటుంది. ఆయన పిల్లలిద్దరూ, అంటే ఈవిడా ఈవిడ అన్నా, తండ్రి చేతిని చూసి నేర్చుకున్నారు. ఆ అదనపు మెలిక ఎందుకో ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది? ముడి అంటే అలాగే వెయ్యాలేమో అనుకున్నారు. పదేసి వేళ్ళు నిక్షేపంగా పెట్టుకుని జీవితాంతం ఎనిమిది వేళ్ళ ముడే వేశారు.

ఈవిడ జీవితాంతం అంటే ఇంకా నడుస్తోంది. అన్నది మాత్రం ఇరవై ఏళ్ళకే అయిపోయింది. అసలు గొడవంతా అక్కడే ఉంది.

వీళ్ళు కాలువ అవతలి గట్టు జనం. వేరే మాట, వేరే మొక్కు. ఇవతల ఊళ్ళో వీళ్ళని పనికి పిలుస్తారు గానీ పక్కన కూర్చోమనరు. అరవై ఏళ్ళ కిందట యుద్ధం వచ్చినప్పుడు మాత్రం సర్కారువారికి ఉన్నట్టుండి వీళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గట్టవతల ఉన్న కుర్రాళ్ళనందరినీ లారీలెక్కించారు. అయితే వీళ్ళ చేతికి తుపాకీ ఇస్తే ఎటు తిప్పుతారో అన్న అనుమానం పెద్దలకి ఉండనే ఉంది. అందుకని తుపాకీకి బదులు తలా ఒక కంచరగాడిదని ఇచ్చారు. కొండదారుల్లో గుళ్ళూ మందూ రొట్టెలూ మోసేది గాడిద, దాన్ని తోలేది వీళ్ళు. ముప్పై ఏడో నంబరు మన పీటముడికి వచ్చింది. ముప్పై ఎనిమిదో నంబరు ఆయన ప్రాణస్నేహితుడికి. ఆరడుగుల పైన రెండంగుళాలు ఉండేవాడు కాబట్టి వాడిని పొడుగోడు అనేవారు. ఈ పొడుగోడే ఆవిడ అన్న.

యుద్ధం ముగిశాక తొమ్మిది ఇళ్ళకి చావు ఉత్తరాలు వచ్చాయి. పొడుగోడి ఇంటికి వచ్చిన ఉత్తరం వేరు. "ముప్పై ఎనిమిదో నంబరు గాడిద తాలూకు మనిషి ఎనిమిదో తేదీన పారిపోయాడు, ఇంటికి చేరితే అప్పగించవలెను" అని ఉంది అందులో. పోలీసులు రెండుసార్లు వచ్చి ఇల్లంతా గాలించారు. పిండిడబ్బా మూత కూడా తీసి చూశారు. ఆరడుగుల రెండంగుళాల మనిషి పిండిడబ్బాలో ఎలా పడతాడో వాళ్ళకే తెలియాలి.

బతికి తిరిగొచ్చిన పీటముడికి ఏ ఉత్తరమూ లేదు. ఒక రొట్టె ఇచ్చి లారీ దింపేశారు. ఆ రొట్టె పట్టుకుని ఆయన తిన్నగా స్నేహితుడి ఇంటికి వెళ్ళి, "అమ్మా, వాడు పారిపోలేదు. పదకొండో తేదీన వంతెన మీద గుండు పడి నా కళ్ళముందే పోయాడు," అని చెప్పాడు. ఆ తల్లి నమ్మింది. ఊరు నమ్మలేదు. ఇంతకీ నువ్వు యుద్ధంలో ఉన్నట్టు రుజువేదీ అంది. తనకే దిక్కు లేనివాడు ఇంకొకడికి సాక్ష్యం ఏం చెబుతాడు? రైల్వే స్టేషను ఎదురుగా నిలబెట్టిన అమరవీరుల రాతి మీద నూట పన్నెండు పేర్లు చెక్కారు. గట్టవతలి పేరు ఒక్కటీ లేదు. పారిపోయినవాడి తల్లి అనిపించుకుంటూనే ఆవిడ కన్నుమూసింది. ఓదార్చడానికని రోజూ వచ్చిపోయిన పీటముడి ఆ ఇంటి అల్లుడయ్యాడు. బతికున్నన్నాళ్ళూ ఒరేయ్ అని పిలిచినవాడు, పోయాక బావమరిది అయ్యాడన్నమాట.

అరవై ఏళ్ళు గడిచాక, ఎవరికి ఏ బుద్ధి పుట్టిందో గానీ, గట్టవతలి వీరులని గుర్తించి పతకాలు ఇవ్వాలని సర్కారు తీర్మానించింది. జెరాక్స్ షాపు నడిపే మనవరాలు ఆ ప్రకటనని తీసుకొచ్చి చదివింది.

"తాతయ్యా, రుజువులు తీసుకుని రికార్డుల ఆఫీసుకి రమ్మన్నారు. మీ దళంలో బతికున్నవాడివి నువ్వొక్కడివే."

"నాకెందుకే పతకం? అది పెట్టుకుని మూటలు కట్టాలా?"

ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "నీకెందుకో నాకెందుకయ్యా? నువ్వు ఉన్నావని తేలితేనే కదా నీ మాటకి విలువ! నీ మాట చెల్లితేనే కదా మా అన్న పేరు రాతి మీదకి ఎక్కేది! లే, చొక్కా తొడుక్కో," అంది.

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. తానూ వస్తానంది ఆవిడ. ఒక్కణ్ణీ పంపితే మాటా మాటా పెరిగి ఉత్తచేతులతో తిరిగొస్తాడని ఆవిడ భయం.

రికార్డుల ఆఫీసరు మంచివాడే. నడివయసు మనిషి, జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. బల్ల మీద పాత రిజిస్టరు ఒకటి తెరిచి పెట్టుకున్నాడు.

"తాతగారూ, ఒక చిక్కుంది. మీ దళం రికార్డు పూర్తిగా ఉంది. కాకపోతే అదంతా గాడిదలది," అన్నాడు ఇబ్బందిగా.

నిజమే. ప్రతి గాడిదకీ ఒక పేజీ ఉంది. రంగు, ఎత్తు, పళ్ళు, ఏ రోజున ఏ కాలు కుంటింది, ఎంత దాణా తింది, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. పేజీ చివర "మనిషి: ఒకరు" అని ఉంది. అంతే. ముప్పై ఏడో నంబరుకి అప్పట్లోనే సేనాపతిగారు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారట. దాని నకలు రిజిస్టరులో అతికించి ఉంది.

"ప్రశంసాపత్రమా? దానికా?" పీటముడి కుర్చీలో ముందుకి జరిగాడు. "ఎడమవైపు నుంచి వెళ్ళినవాణ్ణల్లా తన్నేదయ్యా అది! నన్నూ తన్నింది, వంతెనకి వారం ముందు. ఇదుగో..."

అంటూ నిలబడి పాంటు వదులు చేయబోయాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆఫీసరు మాత్రం గబగబా పేజీలు తిప్పాడు. దొరికింది. పశువైద్యుడు రాసిన మాట, తేదీతో సహా: "నేడు ముప్పై ఏడో నంబరు తన తాలూకు మనిషిని ఎడమ తొడ మీద తన్నింది. గిట్టకి దెబ్బ తగల్లేదు."

అప్పుడిక చూపించక తప్పలేదు. ఆవిడ గోడవైపు తిరిగింది. ఆఫీసరూ, ఇద్దరు గుమాస్తాలూ వంగి చూశారు. అరవై ఏళ్ళయినా మచ్చ గిట్ట ఆకారంలోనే ఉంది. ఒక గుమాస్తా స్కేలు పెట్టి కొలిచి, రిజిస్టరులో ఉన్న గిట్ట కొలతతో పోల్చి, సరిపోయిందని రాసుకున్నాడు. ఆ విధంగా, దేశం కోసం కష్టపడ్డానని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మని మనిషి, గాడిద చేత తన్నించుకున్నాడు కాబట్టి వీరుడయ్యాడు.

"అభినందనలు తాతగారూ! మీకు పతకం ఖాయం," అన్నాడు ఆఫీసరు.

"నా సంగతి సరే. పక్క పేజీ తీయండి. ముప్పై ఎనిమిది."

ఆఫీసరు తీశాడు. చదివి, ముక్కు తుడుచుకున్నాడు. ఎనిమిదో తేదీ ఉదయం హాజరు వేళకి గాడిదా లేదు, మనిషీ లేడు, పారిపోయారు అని ఉంది. అదే రోజు మధ్యాహ్నం గాడిద తిరిగి వచ్చింది అని ఉంది. పదకొండో తేదీన వంతెన మీద శత్రువుల గుండు తగిలి గాడిద వీరమరణం పొందింది అని ఉంది. మనిషి గురించి ఎనిమిది తరవాత ఒక్క ముక్కా లేదు.

"ఆ గాడిద ముడి కొసని పళ్ళతో లాగి పారిపోయిందయ్యా," అన్నాడు పీటముడి. ఎంత ఆపుకున్నా గొంతు పెరిగింది. "వీడు దాని వెనకాల పరిగెత్తి, మధ్యాహ్నానికి తోలుకొచ్చాడు. మరి గాడిద దానంతటదే తిరిగొచ్చి హాజరు పలికిందా? తోలుకొచ్చినవాణ్ణి చూడలేదూ మీ గుమాస్తా?"

"మీ మాట కాదనను. కానీ స్నేహితులు, పైగా చుట్టాలు. మీ సాక్ష్యం ఒక్కటే చాలదంటారు పైవాళ్ళు. ఆ మూడు రోజులూ వేరే ఎవరో తోలి ఉంటారని కొట్టేస్తారు."

"అయితే ఆ పతకం గాడిదకే ఇచ్చుకోండి. నాకొద్దు," అని పీటముడి లేచాడు.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళిపోవలసిందే. ఆఫీసరుకి మనసొప్పలేదు. వట్టి చేతులతో పంపడం ఎందుకని అరలోంచి ఒక ఫోటో తీశాడు. ఆ దళానికి ఉన్న ఫోటో అదొక్కటేనట, ఇంటికి తీసుకెళ్ళడానికి నకలు ఇస్తానన్నాడు. వంతెన మొదట్లో రెండు కంచరగాడిదలు సామానుతో నిలబడి ఉన్నాయి. మెడల్లో ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది బిళ్ళలు. తోలేవాళ్ళు ఫోటోలో లేరు. గాడిదలు బాగా పడాలని ఫోటో తీసినవాడు వాళ్ళని పక్కకి జరిపేసినట్టున్నాడు. వెనకాల సిరాతో పదకొండో తేదీ వేసి ఉంది.

ఆవిడకి శుక్లాలు. కళ్ళజోడు ఎత్తి, ఫోటోని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూసింది.

"ఇది మా అన్న ముడి," అంది.

"ఏదమ్మా?"

"ఇదిగో, ముప్పై ఎనిమిది వీపు మీద మూట. మెలిక ఎక్కువుంది చూడు. కొస కిందకి దోపి ఉంది. పక్కది మా ఆయన వేసింది, బండముడి. సామాను ఏ రోజుకారోజు పొద్దున్న కడతారా కట్టరా?"

"రోజూ కట్టాల్సిందే," అన్నాడు పీటముడి. అరవై ఏళ్ళుగా వెక్కిరించిన ముడి అది.

"మరి ఎనిమిదిన పారిపోయినవాడు పదకొండున ఎలా కట్టాడయ్యా?" అని ఆవిడ ఆఫీసరుని అడిగింది.

ఆఫీసరు భూతద్దం తెప్పించాడు. చూశాడు. అయినా ఆఫీసరు కదా, "ఈ ముడి ఇంకెవరూ వెయ్యరనడానికి..." అని మొదలుపెట్టాడు. ఆవిడ బల్ల మీదున్న దళం కాగితాల కట్టని దగ్గరికి లాక్కుని, దాని దారంతోనే ముడి వేసి ఆయన ముందుకి తోసింది. ఫోటోనీ కట్టనీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూస్తే తేడా వెంట్రుకవాసి లేదు. తరవాత ఆఫీసరు దాన్ని విప్పబోయాడు. బిగిసింది. గుమాస్తాలిద్దరూ తలా ఒక చెయ్యీ వేశారు. ఇంకా బిగిసింది. పెద్ద గుమాస్తా కత్తెర తెచ్చాడు గానీ, రికార్డు దారం కోస్తే సంజాయిషీ రాసుకోవాలట, పెట్టేశాడు.

"మా నాన్న, మా అన్న, నేను, ఆ ముప్పై ఎనిమిదో గాడిద. ఈ నలుగురికే తెలుసు దీని కిటుకు," అంది ఆవిడ. "మా అన్న పారిపోలేదని రాస్తానను, విప్పుతా."

"రాస్తానమ్మా. ఒట్టు. కానీ రాయాలంటే ముందు ఆ కట్ట విప్పాలి."

ఆవిడ కొంగు చాటున చెయ్యి పెట్టి ఒక్కసారి లాగింది. కట్ట విడిపోయింది. ఆఫీసరు జలుబు కూడా మరిచిపోయి అక్కడే కూర్చుని రాశాడు. బయటికొచ్చాక మెట్ల మీద ఆవిడ కూలబడి ఏడ్చింది. పీటముడి పక్కన కూర్చుని, నీ ముడి మంచిదేనే అన్నాడు. అరవై ఏళ్ళ కాపురంలో ఆయన అంతకంటే పెద్ద మాట అనలేదు.

నాలుగు నెలలకి స్టేషను ఎదుటి రాతి మీద పది కొత్త పేర్లు చెక్కారు. సభ పెట్టి, మంత్రిగారు తెర తొలగిస్తారన్నారు. కార్యక్రమం కాగితం చూసి ఆవిడ ఆఫీసరుకి ఫోను చేయించింది.

"ఆ గుడ్డ నేను తియ్యకూడదా నాయనా?"

"ప్రోటోకాల్ ఒప్పుకోదమ్మా. మీకు నాలుగో వరసలో కుర్చీ వేయించాను," అన్నాడాయన, పాపం, చాలా బాధగా.

ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే ఎంత నొచ్చుకుందో పీటముడికి తెలుసు.

సభ రోజున ఆయన పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, స్టేషను దగ్గరికి వెళ్ళాడు. గాలి జోరుగా ఉంది. రాతికి కప్పిన గుడ్డ ఎగిరిపోతుంటే కాంట్రాక్టరు మనుషులు దాని చుట్టూ పరుగులు పెడుతున్నారు. "తాతా, నువ్వు కట్టిన మూట ఊడదంటారు కదా, కాస్త కట్టిపెట్టవూ?" అని వాళ్ళే అడిగారు. అడగకపోయినా ఆయన కట్టేవాడే. జేబులో తాడు తెచ్చుకున్నాడు.

సభ బాగానే జరిగింది. ముప్పై ఏడో నంబరు తాలూకు మనిషి చొక్కాకి మంత్రిగారు స్వయంగా పతకం పెట్టి, "ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి," అన్నారు. "ఫరవాలేదండీ, గాడిదకి అప్పుడే ఇచ్చారు," అన్నాడు పీటముడి. మంత్రిగారికి అర్థం కాలేదు గానీ నవ్వారు. తరవాత రాతి దగ్గరికి వెళ్ళి ముడి మీద చెయ్యి వేశారు.

లాగారు. బిగిసింది. నవ్వుతూ ఇంకోసారి లాగారు. ఇంకా బిగిసింది. అంగరక్షకుడు వచ్చాడు, కలెక్టరు వచ్చాడు, బ్యాండు మేళం వాయించిందే వాయిస్తోంది. తలా ఒక కొస పట్టుకుని అందరూ చెమటలు కక్కుతున్నారు. రికార్డుల ఆఫీసరు దగ్గరికొచ్చి వంగి చూశాడు, చూసి చటుక్కున పీటముడి వైపు తిరిగాడు.

పీటముడి ముఖం పాలు తాగే పిల్లాడి ముఖంలా ఉంది. "మన వల్ల కాదు సార్. దీన్ని విప్పాలంటే వాళ్ళింటి మనిషే రావాలి," అన్నాడు ఆఫీసరు మంత్రిగారితో.

మంత్రిగారు రుమాలుతో నుదురు తుడుచుకుంటూ, "ఎవరైనా సరే, రమ్మనండయ్యా!" అన్నారు.

నాలుగో వరస నుంచి ఆవిడ లేచింది. మనవరాలి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. ముడిని వేళ్ళతో తడిమింది. ఒక మెలిక ఎక్కువుంది. తడుముతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. తరవాత కొసని పట్టుకుని లాగింది.

గుడ్డ జారి పడింది. చివరి వరసలో ఆఖరి పేరు ఆవిడ అన్నది. కళ్ళు సరిగా ఆనక ఒక్కో అక్షరాన్నీ వేలితో దిద్దుకుంటూ చదువుకుంది. "అమ్మా, వీడు పారిపోలేదే," అంది, అరవై ఏళ్ళ కిందటి తల్లితో. మిగతా తొమ్మిది ఇళ్ళవాళ్ళూ లేచి నిలబడ్డారు. బ్యాండువాళ్ళు వాయించడం ఆపేశారు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ ఆ తాడు చుట్టి సంచిలో వేసుకుంది. చాలా దూరం నడిచాక అడిగింది.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"బట్టల తాడు దగ్గర రోజూ చూస్తూనే ఉన్నాగా."

"కట్టడం బాగానే కట్టావు. కానీ కొస రవ్వంత బయటికి వదిలేశావు. మంత్రిగారికి దొరికుంటే ఏం చేసేవాడివి? పూర్తిగా లోపలికి దోపాలి."

"దోపేవాణ్ణే," అన్నాడు పీటముడి. "నీకు కళ్ళు సరిగా కనబడవు కదా అని వదిలాను."